వేలం సైటు పేరుతో వచ్చిన దొంగ ఈమెయిల్: పాస్‌వర్డ్ ఇచ్చేశాం, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: బిద్రీ వ్యాపారి, మలక్‌పేట

అందరికీ నమస్కారం. బీదరు పనివారి చేత కొత్తగా చేయించిన బిద్రీ పాన్‌దాన్‌లు, పూలకూజాలు నేను ఒక అంతర్జాతీయ వేలం సైటులో ఆరేళ్లుగా అమ్ముతున్నాను. పార్సెళ్లు అబిడ్స్ జనరల్ పోస్టాఫీసులో నేనే వేస్తాను. ఉత్తరప్రత్యుత్తరాలు మా తమ్ముడు చూసుకుంటాడు. మొన్న ఆదివారం రాత్రి ఆ సైటు గుర్తుతో, అవే రంగులతో ఒక ఈమెయిల్ వచ్చింది. డబ్బు చెల్లించి 11 రోజులైనా వస్తువు చేరలేదని, ఈ రాత్రిలోగా జవాబు రాకపోతే ఫిర్యాదు చేసి చెడ్డ రేటింగ్ ఇస్తానని ఎవరో కొనుగోలుదారు రాసినట్టుగా ఉంది. కింద ‘జవాబివ్వండి’ అనే బటన్ ఉంది. అందులోని వస్తువు నంబరు మాదే, ఫొటో కూడా మాదే. కానీ ఆ పాన్‌దాన్ నెల క్రితమే వేరొకరికి చేరింది, వారు మంచి రేటింగ్ కూడా ఇచ్చారు.

మా తమ్ముడు అదేమీ సరిచూసుకోకుండా ఫోనులోనే ఆ బటన్ నొక్కి, తెరుచుకున్న పేజీలో యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టాడు. పాస్‌వర్డ్ తప్పని ఒకసారి చూపి, ఆ పేజీ అసలు సైటుకే వెళ్లిపోయిందట. నాకు మర్నాడు చూస్తే గానీ అనుమానం రాలేదు. ఇప్పుడు మేము ఏం చేయాలి? అక్షరదోషాలను బట్టి దొంగ ఉత్తరాన్ని పట్టుకోవచ్చని అంటారు గానీ, ఇందులో ఒక్క తప్పు కూడా లేదు.

జవాబు 1: కంప్యూటర్ భద్రత ఉద్యోగి, మాదాపూర్

అన్నగారూ, ముందు ఇల్లు చక్కబెట్టుకోండి, పాఠం తరువాత చూద్దాం. ఆ ఈమెయిల్‌లోని లింకు ద్వారా కాకుండా సైటు చిరునామాను మీరే టైపు చేసి, లోపలికి వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి. మిగతా పరికరాలన్నిటి నుంచి లాగౌట్ చేయించండి. అదే పాస్‌వర్డ్ మీ ఈమెయిల్‌కు కూడా ఉంటే దాన్ని అంతకంటే ముందు మార్చాలి, ఎందుకంటే ఈమెయిల్ చేతిలో ఉన్నవాడు మీరు మార్చిన ప్రతి పాస్‌వర్డ్‌నూ మళ్లీ మార్చుకోగలడు. ఆ తరువాత అమ్మకాల డబ్బు జమయ్యే బ్యాంకు ఖాతా నంబరు, మీ ఫోను నంబరు, మీ పేరిట అమ్మకానికి ఉన్న వస్తువుల జాబితా, ఈమెయిల్‌లోని ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ సెట్టింగులు ఒక్కొక్కటిగా చూడండి.

గుర్తుపట్టడం విషయానికి వస్తే, అక్షరదోషాల మీద ఆధారపడే కాలం పోయింది. పంపినవారి పేరు, చిరునామా ఎవరైనా తమకు నచ్చినట్టు రాసి పంపవచ్చు. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీల ఫలితాలు కనిపిస్తాయి. అయితే అవి పాసైనా ఉత్తరం మంచిదని అర్థం కాదు, పంపినవారి చిరునామాలో కనిపించే డొమైన్ (@ తరువాత ఉండే సైటు పేరు) నుంచే వచ్చిందని మాత్రమే అర్థం. దొంగ తన సొంత డొమైన్ కొనుక్కున్నా అవి పాసవుతాయి. లింకు చిరునామాను చదివేటప్పుడు మొదటి ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమకు వెనక్కి చదవాలి. సైటు పేరు మొదట్లోనే కనబడినా, ఆ గీతకు ఆనుకుని చివర వేరే పేరు ఉంటే అసలు యజమాని ఆ చివరి పేరువాడే. తాళం గుర్తును చూసి నమ్మవద్దు. దారిలో సమాచారాన్ని మరొకరు చదవలేరని అది చెబుతుందే తప్ప అవతల ఉన్నది ఎవరో చెప్పదు, పైగా ఆ సర్టిఫికెట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి.

ఓటీపీ ఉంటే చాలని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. మీరు దొంగ పేజీలో కొట్టిన ఓటీపీని వాడు ఆ క్షణంలోనే అసలు సైటులో వాడేసుకోగలడు. పాస్‌కీ (పాస్‌వర్డ్‌కు బదులు ఫోను వేలిముద్రతోనో, లాక్‌తోనో లోపలికి వెళ్లే పద్ధతి) అయితే అసలు డొమైన్‌లో తప్ప పనిచేయదు. పాస్‌వర్డులు దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ ఎప్పుడూ తనంతట తానే నింపే చోట ఊరుకుండిపోయిందంటే, అక్కడే ఆగి చిరునామా చూసుకోవాలి.

జవాబు 2: పాత పెన్నులు, గడియారాల అమ్మకందారు, నాంపల్లి

పై సోదరుడు చెప్పినవన్నీ సరైనవే గానీ, రోజుకు ముప్పై ఉత్తరాలు చూసే అమ్మకందారు ప్రతి లింకునూ వెనక్కి చదువుతూ కూర్చోలేడు. నేను ఒకే అలవాటు పెట్టుకున్నాను: కొనుగోలుదారు ప్రశ్న ఏదైనా సరే, ఈమెయిల్‌ను కబురుగా మాత్రమే చూసి, జవాబు సైటు లోపలి సందేశాల పెట్టె నుంచే రాస్తాను. మీరు సైటు పేరు చెప్పలేదు. ఈబే అయితే, మీ ఖాతాకు సంబంధించి వారు పంపిన ఈమెయిల్ ఏదైనా మీ ఖాతాలోని ‘మెసేజెస్’ విభాగంలో కూడా ఉంటుంది. అక్కడ లేకపోతే అది దొంగదే. అలాంటి దాన్ని స్పూఫ్ ఎట్ ఈబే డాట్ కామ్ చిరునామాకు ఫార్వర్డ్ చేయవచ్చు.

వస్తువు నంబరు, ఫొటో మీవే కావడంలో వింత లేదు, ఆ పేజీ లోకమంతటికీ కనిపించేదే కదా. చెడ్డ రేటింగ్ అనగానే మన గుండె జారుతుందని వాళ్లకు తెలుసు, అందుకే తిట్టే కొనుగోలుదారు వేషం వేస్తారు. మాకు వచ్చే మరో రకం ఉత్తరం ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ పేరుతో ఉంటుంది: డబ్బు వచ్చింది గానీ ట్రాకింగ్ నంబరు పంపేదాకా ఆపి ఉంచామని చెబుతుంది. ఖాతా తెరిచి చూస్తే పైసా ఉండదు. అన్నట్టు, భారతదేశంలో దేశీయ చెల్లింపులను పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది కనుక, వరంగల్ కొనుగోలుదారు పేపాల్‌లో డబ్బు కట్టాడని ఎవరైనా రాస్తే ఆ ఉత్తరాన్ని పూర్తిగా చదవనక్కరలేదు.

జవాబు 3: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సికింద్రాబాద్

డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. మన పిల్లవాడే పాస్‌వర్డ్ ఇచ్చాడు కదా అని సిగ్గుపడి చాలామంది రెండు రోజులు ఊరుకుంటారు, నేను కౌంటరులో ఎందరినో చూశాను. ఆ సిగ్గు ఖరీదైనది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు రహస్య వివరాలను తానే ఇచ్చుకున్న సందర్భంలో బ్యాంకుకు తెలిపేంతవరకు జరిగిన నష్టం ఖాతాదారుది, తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుది. పోయినది ఖాతా మాత్రమే అయినా ఫిర్యాదు చేయవచ్చు. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం.

మళ్లీ బిద్రీ వ్యాపారి, మలక్‌పేట

అందరికీ కృతజ్ఞతలు. రెండు చోట్లా ఒకే పాస్‌వర్డ్ ఉందని ఒప్పుకోక తప్పదు. ఈమెయిల్‌లో మేము పెట్టని ఫిల్టర్ ఒకటి కనిపించింది. సైటు పేరున్న ప్రతి ఉత్తరాన్నీ అది నేరుగా చెత్తబుట్టకు పంపుతోంది. బుట్ట తెరిస్తే మా పేరిట రెండు ఖరీదైన ఫోన్లు అమ్మకానికి పెట్టినట్టు సైటు పంపిన ఉత్తరాలు ఉన్నాయి. ఆరేళ్ల మా రేటింగ్ చూసి ఇద్దరు వాటికి బిడ్ కూడా వేశారు. బ్యాంకు ఖాతా నంబరు మారలేదు. పాస్‌వర్డులు మార్చి, ఫిల్టర్ తీసేసి, సైటువారికి తెలియజేశాను. ఆ ఇద్దరికీ మేము విడిగా రాయాలా?

జవాబు 1 రాసిన మాదాపూర్ ఉద్యోగి

తప్పకుండా రాయండి, ఈ పూటే రాయండి. వేలం రద్దు చేసి, డబ్బు ఎక్కడికీ పంపవద్దని సైటు లోపలి సందేశాల ద్వారానే చెప్పండి. సైటు బయట చెల్లించమని వాడు మీ పేరుతో వాళ్లకు ఈపాటికే ఏమైనా రాసి ఉంటే, ఆ సందేశాలు మీ పంపిన పెట్టెలో ఉండవచ్చు. వాటిని తీసేయకుండా స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జతచేయండి.