పాపకి ఇంకా 17 ఏళ్లే, ఆస్ట్రేలియా జులై ఇన్‌టేక్‌కి పంపొచ్చా?

బ్రాడీపేట_అమ్మ:
మాది గుంటూరు. పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, మెల్‌బోర్న్‌లో డిగ్రీకి ఆఫర్ లెటర్ వచ్చింది, జులై ఇన్‌టేక్, అంటే జులైలో మొదలయ్యే బ్యాచ్. నవంబర్‌కి గానీ 18 నిండవు. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీలో అడిగితే, "మైనర్ కాబట్టి గార్డియన్ కావాలి మేడమ్, మీవాళ్లెవరూ లేకపోతే మేమే ఒకరిని చూపిస్తాం, 40 వేలు అవుతుంది" అన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి పేరు రాసి ఆడపిల్లని పంపడమేంటి అని అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. మావారేమో నాలుగు నెలల తేడాకి ఇంత హంగామా ఎందుకంటున్నారు. పాపకి పిన్ని మెల్‌బోర్న్‌లోనే ఉంది, పీఆర్ (శాశ్వత నివాసం) కూడా ఉంది. ఆమె పేరు పెట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక_నాన్న:
అమ్మా, ముందు ఆ 40 వేలు ఇవ్వకండి. 18 లోపు పిల్లలకి స్టూడెంట్ వీసా, అంటే సబ్‌క్లాస్ 500 కావాలంటే అక్కడ బాగోగులు ఎవరు చూస్తారో చూపించాలి. దానికి దారులు ఇవే: తల్లో తండ్రో వెంట వెళ్లి ఉండటం, లేదా 21 దాటిన దగ్గర బంధువు ఉండటం, లేదా యూనివర్సిటీయే బాధ్యత తీసుకుని లెటర్ ఇవ్వడం. ఊరూ పేరూ లేని మనిషిని మీ అంతట మీరు బంధువని రాస్తే అది అబద్ధపు పేపరే, పట్టుబడితే పోయేది మీ పాప వీసా, కన్సల్టెన్సీ వాడిది కాదు.
పిన్ని అయితే బంధువు కిందకి వస్తుంది. గార్డియన్‌ని నామినేట్ చేసే ఫారం 157ఎన్ నింపాలి, ఆమె పోలీస్ క్లియరెన్స్ అడుగుతారు. తల్లిదండ్రులు ఇద్దరూ ఒప్పుకున్నట్టు ఫారం 1229 వేరేగా ఉంటుంది. మా అబ్బాయికి ఇబ్బంది అయింది చుట్టరికం రుజువు దగ్గరే. మా ఆవిడ పదో తరగతి మెమోలో తండ్రి పేరు ఒకలా, వాళ్ల చెల్లెలి మెమోలో ఇంకోలా ఉంది, పెళ్లయ్యాక ఇద్దరి ఇంటిపేర్లూ మారిపోయాయి. ఇద్దరూ ఒకే కడుపున పుట్టారని తేల్చే కాగితాల కోసం రెండు వారాలు తిరిగాం.

బ్రాంప్టన్‌_బావ:
మాది కెనడా కథ, అయినా పనికొస్తుందని రాస్తున్నా. ఇక్కడ 17 లోపు అయితే కస్టోడియన్, అంటే పిల్లల బాధ్యత తీసుకునే పెద్దవాళ్లు తప్పనిసరి, 17 దాటి మేజర్ కాకపోతే ఆఫీసర్ ఇష్టం, అడగొచ్చు. మేజర్ వయసు కూడా రాష్ట్రాన్ని బట్టే: ఆంటారియోలో 18, బ్రిటిష్ కొలంబియాలో 19. మా మామయ్య వాళ్లు నన్నే కస్టోడియన్‌గా ఉండమన్నారు, తీరా చూస్తే నేను వర్క్ పర్మిట్ మీద ఉన్నా, సిటిజనో పీఆరో అయితేనే కుదురుతుంది. నన్ను పక్కన పెట్టి మా ఇంటి ఓనర్ ఆంటీని బతిమాలారు. డిక్లరేషన్‌లో ఒక పేజీ ఇక్కడ ఆమె నోటరీ చేయించాలి, ఇంకో పేజీ ఇండియాలో అమ్మానాన్నలు. గుంటూరు కోర్టు దగ్గర మామయ్య తెలుగులో సంతకం పెట్టేసి వచ్చాడు, పాస్‌పోర్ట్‌లో ఇంగ్లిష్ సంతకం! మళ్లీ మొదటికి.

తాడేపల్లి_తేజ:
ఫిబ్రవరి ఇన్‌టేక్‌కి మార్చుకోండి ఆంటీ, 18 నిండిపోతాయి, ఈ గోలే ఉండదు. ఆఫర్ డిఫర్ (వాయిదా) చేయమని యూనివర్సిటీకి ఒక మెయిల్, అంతే.

మెల్‌బోర్న్_స్టూడెంట్:
ఫిబ్రవరి దాకా ఇంట్లో కూర్చోబెట్టడం అందరికీ కుదరదు తేజా. నేను 17లోనే వచ్చాను, యూనివర్సిటీ ఇచ్చిన సీఏఏడబ్ల్యూ లెటర్ మీద. అంటే వసతి, సంక్షేమం వాళ్లు చూసుకుంటారని రాసిచ్చే కాగితం. అన్ని యూనివర్సిటీలూ ఇవ్వవు, అందుకే ఆఫర్ ఒప్పుకునే ముందే అడగాలి. లెటర్ మీద మొదలయ్యే తేదీ ఉంటుంది, దానికంటే ముందు దేశంలో దిగకూడదు. నాన్న చవగ్గా వస్తుందని నాలుగు రోజుల ముందు టికెట్ బుక్ చేశారు, క్యాన్సిల్ చేస్తే సగం డబ్బులే వెనక్కొచ్చాయి. 18 నిండేదాకా ఫ్రెండ్స్‌తో రూమ్ అంటే కుదరదు, ఇల్లు మారాలన్నా వాళ్ల పర్మిషన్ కావాలి. పుట్టినరోజు మర్నాడే సామాను సర్దుకున్నా అది వేరే సంగతి.
అమ్మగారూ, మీరు చెప్పిన పిన్ని మీ సొంత చెల్లెలేనా? మనం కజిన్ సిస్టర్‌ని కూడా పిన్ని అనే పిలిపిస్తాం, వీసా వాళ్ల లెక్కలో అది చెల్లదు.

బ్రాడీపేట_అమ్మ:
అయ్యో బాబూ, సరిగ్గా పట్టుకున్నావు. ఆమె మా పెద్దమ్మ కూతురు. చిన్నప్పట్నుంచీ ఒకే ఇంట్లో పెరిగాం, ఒకే కంచంలో తిన్నాం, అందుకే నాకు ఆ తేడా ఎప్పుడూ తోచలేదు. మావారికి ఇది చదివి వినిపిస్తే మాట్లాడకుండా టీవీ ఆపేశారు. రాత్రే యూనివర్సిటీకి మెయిల్ పెట్టాం, ఆ లెటర్ ఇస్తారా, ఇస్తే ఏ తేదీ నుంచి అని. ఇవ్వకపోతే ఫిబ్రవరికి డిఫర్ చేసేస్తాం. కృష్ణలంక అన్నయ్యగారూ, ఆ ఫారం 1229లో తండ్రి సంతకం పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలా? ఆయనది బ్యాంకులో ఒకటి, పాస్‌పోర్ట్‌లో ఇంకొకటి.

కృష్ణలంక_నాన్న:
పాస్‌పోర్ట్‌లో ఉన్నదే పెట్టించండి అమ్మా. ముందు తెల్లకాగితం మీద పదిసార్లు ప్రాక్టీస్ చేయించండి, మా ఇంట్లో అదే చేశాం.