తాతగారి ఇళ్ల ప్లాన్లు లామినేషన్ చేయించనా?

ప్రశ్న (అమలాపురం): మా తాతగారు కోనసీమలో మండువా లోగిళ్లకి ప్లాన్లు గీసేవారు. ట్రంకుపెట్టెలో ట్రేసింగ్ గుడ్డలు (ప్లాన్లు గీసే పల్చటి గుడ్డ), నీలం ప్రింట్లు (బ్లూప్రింట్లు), లెక్కల పుస్తకం ఉన్నాయి. ఆ ఇళ్లు చాలామటుకు పడగొట్టేశారు. లామినేషన్ చేయించమంటున్నారు.

జవాబు (ధవళేశ్వరం): వద్దండీ! వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. డ్రాయింగుల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది, అందుకే గట్టిగా చెబుతున్నా. ట్రేసింగ్ గుడ్డకి గంజి పట్టించి ఉంటుంది. తడి తగిలితే పాడవుతుంది, మన డెల్టా చెమ్మకి బూజూ పడుతుంది. తడిగుడ్డతో తుడవకండి. నీలం ప్రింట్లు వెలుతురుకి వెలిసిపోతాయి; కొంచెం వెలిసినవి చీకట్లో ఉంచితే కొంత తేరుకుంటాయి కూడా. వాటికి క్షారం పడదు, క్షారగుణం ఉన్న ఆర్కైవల్ కాగితంలో (పాత పత్రాలు భద్రపరిచే కాగితం) చుట్టకండి. లెక్కల పుస్తకం మాత్రం పారేయొద్దు. టేకు ఎక్కడిది, పెంకు ఎంతైంది, వడ్రంగి కూలీ ఎంత అన్నది ప్లాన్లో దొరకదు.

జవాబు (రాజోలు): స్కాన్‌లో పక్కన స్కేలు పెట్టండి, వెనకవైపు రాతలూ తీయండి. 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కలు) తీసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి. సొంతంగా గీసినవైతే, ఆయన పోయాక 60 ఏళ్లదాకా కాపీరైటు వారసులది. వారసులందరూ ఒప్పుకుంటే వికీమీడియా కామన్స్‌లో (ఎవరైనా ఉచితంగా వాడుకునే బొమ్మల ఆన్‌లైన్ భాండారం) పెట్టొచ్చు. ఇప్పటికీ కాపురమున్న ఇళ్లయితే ముందు వాళ్లనడగండి.

అడిగినవారు: బాబాయిలతో, అత్తయ్యతో ఈ ఆదివారమే మాట్లాడతాను. పుస్తకం ముందు స్కాన్ చేస్తా.