మంచి జీతం ఉన్నవాళ్లకు కౌన్సెలింగ్ అవసరమా? హన్మకొండలో ఎవరైనా వెళ్లారా?

కాజీపేట జంక్షన్
అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని, మిగతా రోజులు పొద్దున్నే రైలెక్కి వెళ్తాను. చాలాకాలంగా నిద్ర సరిగా లేదు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి ఛాతీ పట్టేసినట్లు ఉంటుంది. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు చేయించాను, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ల్యాప్‌టాప్ తెరిచి ఒకే మెయిల్ రాస్తూ, చెరిపేస్తూ, మళ్లీ రాస్తూ గంట గడిపేస్తున్నాను. ఒకప్పుడు ఐదు నిమిషాల పని అది. నా పని బాగాలేదని ఇంతవరకు ఎవరూ అనలేదు, మొన్ననే ప్రమోషన్ కూడా వచ్చింది. సైకాలజిస్టు దగ్గరకు వెళ్లమని నా భార్య పోరుతోంది. నాకంటే కష్టమైన పనులు చేసేవాళ్లు ఎంతోమంది ఉండగా నేను వెళ్లడం సబబేనా? వెళ్తే ఇక్కడా, హైదరాబాద్‌లోనా, ఆన్‌లైన్‌లోనా?

పరకాల రోడ్డు
వెళ్లండి అన్నా. ఇంకా ఆలస్యం చేయకండి.

భూపాలపల్లి షిఫ్టు
నేను వద్దంటాను. సింగరేణి భూగర్భ గనిలో పని చేస్తున్నవాణ్ని. కింద పని చేసే మనిషిని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదని 1952 నాటి గనుల చట్టంలోనే రాశారు. ఆదివారం పిలిస్తే ప్లేడే మస్టర్, అంటే సెలవు రోజు పనికి ఎక్కువ జీతమిచ్చే హాజరు, పడాల్సిందే. కార్మికులను కూర్చోబెట్టి ఓదార్చితే వచ్చిన హక్కులు కావివి, యూనియన్లు కొట్లాడితే వచ్చినవి. తమ్ముడూ, మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం మీ బుర్రలో లేదు, మీ పని గంటల్లో ఉంది. ముగ్గురి పని ఒక్కరి నెత్తిన పెట్టి, వాడు అలసిపోతే కౌన్సెలింగ్‌కు వెళ్లమనడమంటే తప్పు వాడిదేనని తేల్చడమే. ఇంకో మాట. ఈ బర్నౌట్, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసిపోవడం, జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. జబ్బే కానప్పుడు చికిత్స దేనికి?

సుబేదారి డాక్టర్
అన్నా, మీరు చెప్పింది సగమే. ఆ సంస్థ తయారుచేసిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్నౌట్‌ను జబ్బుల్లో చేర్చలేదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితి అన్నారు. నిజమే. కానీ ఏ అధ్యాయంలో పెట్టారో కూడా చూడండి. జబ్బు కాకపోయినా మనిషి వైద్య సహాయం కోసం రావడానికి కారణమయ్యే విషయాలన్నీ ఉన్న అధ్యాయమది. ఒంట్లో శక్తి లేకుండా పోవడం, పని మీద విముఖత, చేయగలనన్న నమ్మకం సన్నగిల్లడం అని మూడు లక్షణాలు రాశారు. కాజీపేట గారు రాసినవాటిలో కనీసం రెండు నాకు కనిపిస్తున్నాయి. దీని చాటున డిప్రెషన్ ఉందో లేదో చూడకుండా కంపెనీదే తప్పని చెప్పి వదిలేయడం ప్రమాదం.

నేనూ వెళ్లాను. డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక వార్డుకు ఫోన్ చేసి, కేస్ షీటులో నేను రాసిన డోసును నర్సు చేత మళ్లీ చదివించుకునేదాన్ని. భోజనం మధ్యలో లేచి మరోసారి చేసేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు దొరకలేదు, అయినా ఆగేది కాదు. నేను కలిసిన సైకాలజిస్టు ‘రిలాక్స్ అవ్వండి’ అని పంపేయలేదు. ఒక సాయంత్రం ఫోన్ చేయకుండా ఉండి, ఏం జరుగుతుందని భయపడుతున్నానో నోటుబుక్కులో రాసి, మర్నాడు వార్డుకు వెళ్లి అందులో ఎంత నిజమైందో ఎదురుగా రాయమన్నారు. అమెరికా సైకియాట్రిస్టు ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన సీబీటీలో, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ పరీక్షించి మార్చుకునే చికిత్సలో, ఇదొక పద్ధతి. వారానికోసారి, ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూ. బాగా చదివి పైకొచ్చినవాళ్లకు ఈ పని మరీ అవసరం. ఎందుకంటే మనల్ని పైకి తెచ్చిన అలవాటే మనల్ని తినేస్తుంది. ఆ అలవాటును జనం మెచ్చుకుంటారు కాబట్టి ఎవరూ ఆపమనరు.

హంటర్ రోడ్
ఫీజు ఎంతవుతుంది? ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?

కేయూ క్యాంపస్
మానసిక వ్యాధులకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, వారం వారం కౌన్సెలింగ్‌కు ఇవ్వవు. మీ పాలసీలో ఓపీ ఖర్చుల సంగతి చదువుకోండి. ఖర్చు లేకుండా మొదట ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

భూపాలపల్లి షిఫ్టు
డాక్టరమ్మా, అధ్యాయం ఏదైనా జబ్బు కాదన్నది కాదన్నట్టే. మీ డ్యూటీ ఎన్ని గంటలుండేదో అది చెప్పండి.

సుబేదారి డాక్టర్
పీజీలో ఉన్నప్పుడు ఈ రోజు పొద్దున ఎక్కితే రేపు సాయంత్రం దిగేవాళ్లం. రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 74 గంటలు మించకూడదని జాతీయ టాస్క్‌ఫోర్స్ 2024లో సిఫారసు చేసింది.

భూపాలపల్లి షిఫ్టు
74! బొగ్గు తవ్వేవాడికి 48, ప్రాణాలు కాపాడేవాళ్లకు 74. అది కూడా సిఫారసే. ఆ లెక్కన నిద్ర లేకుండా పని చేసి, డోసు తప్పు రాశానేమోనని భయపడటం మీ మనసు చేసిన తప్పు ఎలా అవుతుంది? ఆ భయం న్యాయమైనది. దాన్ని నోటుబుక్కులో రాయించి పోగొట్టారు, గంటలు మాత్రం అలాగే ఉన్నాయి.

కేయూ క్యాంపస్
ఇద్దరిలోనూ న్యాయముంది. డాక్టర్ల బర్నౌట్ మీద జరిగిన అధ్యయనాలను సమీక్షిస్తూ 2017లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. వ్యక్తులకిచ్చే శిక్షణ కంటే పనిచేసే చోట తెచ్చిన మార్పులే ఎక్కువ ఫలితమిచ్చాయని అందులో తేలింది. అయితే వ్యక్తులకు చేసిన సాయం కూడా వృథా కాలేదు.

భూపాలపల్లి షిఫ్టు
నేను చెప్పిందీ అదే కదా.

సుబేదారి డాక్టర్
కాదు. మీరు వెళ్లొద్దంటున్నారు, ఆ వ్యాసం అలా అనలేదు. ఆసుపత్రి మారేదాకా ఆ రాత్రి నేను బతకాలి కదా?

బాలసముద్రం
చౌరస్తా దగ్గర క్లినిక్ ముందు మన బండి కనిపిస్తే సాయంత్రానికి చుట్టాలందరికీ తెలుస్తుంది. ఆన్‌లైనే మేలు. ఇంట్లో అందరూ ఉంటారు కాబట్టి నాకు తెలిసినవాళ్లు కారులో కూర్చుని మాట్లాడతారు.

కేయూ క్యాంపస్
ఎక్కడికి వెళ్లినా రిజిస్ట్రేషన్ అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. నాలుగు రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా మీ ఆఫీసుకు చేరకూడదని కూడా 2017 చట్టంలో ఉంది.

సుబేదారి డాక్టర్
భూపాలపల్లి అన్నకు ఒక్క మాట. మీలాంటివాళ్లు వద్దంటే విని, చేయి దాటిపోయాక ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను నేను చూశాను. మీరు ఇక్కడ రాసేది ఎవరో ఒకరు పాటిస్తారు. దయచేసి ఆలోచించి రాయండి.

భూపాలపల్లి షిఫ్టు
మాలాంటివాళ్లంటే ఎవరు మేడమ్? మా బాపు చనిపోయేనాటికి తమ్ముడు ఇంజినీరింగ్‌లో చేరాడు. నేను ప్లేడేలు, ఓవర్‌టైములు చేసి వాడి ఫీజు కట్టాను. ఇవాళ వాడి జీతం నా జీతానికి ఎన్నో రెట్లు. వాడూ ఇలాగే నిద్ర లేదన్నాడు, కౌన్సెలర్ దగ్గరకు వెళ్లాడు. కొన్నాళ్లకు బతుకమ్మకు ఇంటికి వచ్చి, నా బిడ్డ కాలేజీ ఫీజులో ఇక సగం పెట్టుకోలేనన్నాడు. అమ్మ మందులకు మాత్రం పంపుతానన్నాడు. ‘నాకూ ఒక హద్దు ఉండాలన్నారు అన్నా’ అని వాడు చెబుతుంటే అమ్మ వంటింట్లో నుంచి బయటకు రాలేదు. గనిలోకి దిగిన రోజు నాకు ఎవరూ హద్దు గురించి చెప్పలేదు.

నర్సంపేట పెద్దబిడ్డ
అన్నా, మీ బాధ అర్థమవుతోంది. కానీ 8 గంటల హద్దు కోసం కొట్లాడిన మీరు, తమ్ముడు పెట్టుకున్న హద్దును ఎందుకు ఒప్పుకోలేకపోతున్నారు?

భూపాలపల్లి షిఫ్టు
హద్దు యజమానికి పెట్టాలి. ఇంటివాళ్లకు పెట్టేది కాదు.

నర్సంపేట పెద్దబిడ్డ
ఇంట్లో పెట్టలేనివాళ్లు యజమానికి ఎలా పెడతారు? నేను బ్యాంకు మేనేజర్‌ని. మా ఇంట్లో అందరికంటే పెద్దదాన్ని. టార్గెట్ మోయలేనని నేను పైవాళ్లతో అనలేను, ఎందుకంటే తమ్ముడి ప్లాటు వాయిదా, అమ్మ మోకాలి ఆపరేషన్, చెల్లెలి పురుడు అన్నీ నా జీతం మీదే ఉన్నాయి. నేను ఉద్యోగం వదలలేనని మా రీజనల్ ఆఫీసుకు బాగా తెలుసు. అందుకే సెలవు రోజున కూడా ఫోన్ వస్తుంది. మీరు గని యాజమాన్యంతో కొట్లాడినప్పుడు మీ వెనక యూనియన్ ఉంది. నా వెనక ఉన్నది చేయి చాచిన ఇల్లు. వాళ్లంటే నాకు ప్రాణం, అయినా ఉన్నమాట ఇది.

పరకాల రోడ్డు
అక్కా, ఈ మాట మా ఇంట్లో ఎవరైనా చదివితే బాగుండు.

కాజీపేట జంక్షన్
మొదట నేను రాయని విషయం ఒకటుంది. నిరుడు బాధ్యతలు తక్కువున్న వేరే టీమ్‌కు మారతావా అని అడిగారు. జీతం కూడా తగ్గుతుంది. ఇంట్లో ఎవరినీ అడగకుండానే వద్దన్నాను. బాపు ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన రోజే నా హాస్టల్ ఫీజు కట్టేవారు. ఇంటి ఈఎంఐ, చెల్లెలి పెళ్లి అప్పు ఉన్నాయి. జీతం తగ్గుతుందని ఆయన ముందు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

భూపాలపల్లి షిఫ్టు
ఆయన్ను అడగకుండానే ఆయన జవాబు మీరే రాసుకున్నారు. ముందు ఇంట్లో చెప్పండి.

సుబేదారి డాక్టర్
ఇంట్లో చెప్పడానికి నోరు రానందుకే కదా మనిషి ఇలా అయింది? ముందు బయట ఒకరితో మాట్లాడి, కుదుటపడ్డాక ఇంట్లో చెబితే తప్పేముంది?

భూపాలపల్లి షిఫ్టు
తప్పుంది. మా తమ్ముడికి నిద్ర పట్టదని మాత్రమే నాకు తెలుసు. వాడి మీద ఎంత బరువు ఉందో, అందులో నా వంతు ఎంతో, వాడు తీర్పు చెప్పిన రోజే తెలిసింది. అప్పటికి నెలల తరబడి ఇంకెవరో విన్నారు. నాకు ముందే చెప్పి ఉంటే ఫీజు సంగతి నేనే చూసుకునేవాణ్ని. డబ్బు పోయినందుకు కాదు మేడమ్ నా కోపం.

నర్సంపేట పెద్దబిడ్డ
ఈ మాట మీ తమ్ముడితో అన్నారా అన్నా?

కాజీపేట జంక్షన్
శనివారానికి హన్మకొండలోనే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. శుక్రవారం రాత్రి బాపుతో మాట్లాడతాను. ఆ టీమ్ సంగతి, ఈఎంఐ సంగతి రెండూ చెప్తాను.

సుబేదారి డాక్టర్
రక్తపరీక్షల రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. నిద్ర మాత్రలు మీ అంతట మీరు వేసుకోకండి. బతకడం అనవసరం అనిపించే ఆలోచనలు ఎప్పుడైనా వస్తే శనివారం దాకా ఆగవద్దు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, నేరుగా వెళ్లండి.

భూపాలపల్లి షిఫ్టు
కౌన్సెలింగ్ మీద నా మాట మారదు. బాపు ఏమన్నారో మాత్రం రాయండి తమ్ముడూ.