ఎక్కువ రేసులు గెలిచినవాడికే టైటిల్ అయితే: 1950–2025 ఫార్ములా వన్ లెక్క మళ్లీ వేశాను, 15 ఏళ్లు తారుమారు

పిట్‌వాల్ పంతులు

నియమం ఒక్కటే. సీజన్‌లో ఎక్కువ రేసులు గెలిచినవాడు చాంపియన్. పాయింట్లు లేవు, గెలుపే గెలుపు. ఇది నా బుర్రలో పుట్టింది కాదు. 2008 చివర్లో ఫార్ములా వన్ వ్యాపార పెద్ద బెర్నీ ఎకల్‌స్టోన్ బంగారు, వెండి, కాంస్య పతకాల పద్ధతి అంటూ ఎత్తుకున్నాడు. 2009 మార్చిలో రేసుల పాలక సంస్థ ఎఫ్ఐఏ 'ఎక్కువ గెలుపులకే టైటిల్' అని తీర్మానం చేసి, జట్లు అడ్డం తిరిగేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

లెక్క ఎలా వేశానంటే: అధికారికంగా ఖరారైన ఫలితాలే తీసుకున్నాను. గెలుపులు సమానమైతే రెండో స్థానాలు, అవీ సమానమైతే మూడో స్థానాలు, ఆ తర్వాత నాలుగో స్థానాలు. 1951, 1956, 1957ల్లో ఒకే కారును ఇద్దరు నడిపి గెలిచిన రేసులున్నాయి. ఇద్దరికీ పూర్తి గెలుపు ఇచ్చాను. చెరి సగం ఇచ్చినా ఆ మూడేళ్లూ ఫాంజియోవే. 1960 దాకా ఇండియానాపోలిస్ 500 కూడా చాంపియన్‌షిప్‌లో భాగమే, కానీ ఏడాదికి ఒక్క రేసు కాబట్టి దానివల్ల ఎవరి తలరాతా మారలేదు.

మారినవి ఇవి. 1958 హాథార్న్ పోయి మోస్ (హాథార్న్ 1–మోస్ 4 గెలుపులు; కిందివాటిలోనూ ఇదే వరుస). 1964 సర్టీస్ పోయి క్లార్క్ (2–3). 1967 హుల్మ్ పోయి మళ్లీ క్లార్క్ (2–4). 1977 లౌడా బదులు ఆండ్రెట్టీ (3–4). 1979 షెక్టర్ బదులు అలన్ జోన్స్ (3–4). 1981లో పికే బదులు ప్రోస్ట్. 1982లో కేకే రోస్‌బర్గ్ బదులు పిరోనీ (1–2). 1983 ప్రోస్ట్ (పికే 3, ప్రోస్ట్ 4), 1984 ప్రోస్ట్ (లౌడా 5, ప్రోస్ట్ 7). 1986, 1987 రెండూ మాన్సెల్‌వి. 1989 సెన్నా (ప్రోస్ట్ 4, సెన్నా 6). 2008 మాసా (హామిల్టన్ 5, మాసా 6). 2016 హామిల్టన్ (రోస్‌బర్గ్ 9, హామిల్టన్ 10). 2025 వెర్‌స్టాపెన్ (నారిస్ 7, వెర్‌స్టాపెన్ 8).

రోస్‌బర్గ్ తండ్రీకొడుకులిద్దరికీ సున్నా. హామిల్టన్‌కు ఒకటి పోయి ఒకటి వచ్చింది, అవే 7. పికేకు ఉన్న మూడూ గోవిందా.

స్లిక్ టైర్

పికే మూడూ పోవడం ఒక్కటే చాలు, ఈ నియమం నాకు నచ్చింది 😄

బీటీ49

1981 దగ్గర ఆగిపోయాను. మిగతా దాదాపు అన్నిచోట్లా అంకెలు వేశావు, అక్కడ వెయ్యలేదు. పికే 3 గెలిచాడు, ప్రోస్ట్ 3 గెలిచాడు. మరి ప్రోస్ట్ ఎలా చాంపియన్ అయ్యాడు?

పిట్‌వాల్ పంతులు

రెండో స్థానాలు. ప్రోస్ట్‌కు రెండు (జర్మనీ, లాస్ వేగాస్). పికేకు ఒకటి (హాలండ్). పద్ధతి పైనే రాశాను.

బీటీ49

పద్ధతి చదివాను. 'గెలుపే గెలుపు' అన్నదీ చదివాను. రెండూ ఒకే పోస్టులో ఎలా కాపురం చేస్తున్నాయో అదే అర్థం కాలేదు. పికేకు ఆ ఏడాది మూడో స్థానాలు మూడు: లాంగ్ బీచ్, ఫ్రాన్స్, ఆస్ట్రియా. ప్రోస్ట్‌కు ఒక్కటి, అర్జెంటీనాలో. ఒక రెండో స్థానం ఎక్కువైనందుకు టైటిల్ ఇస్తావు, రెండు మూడో స్థానాలు ఎక్కువైనందుకు ఏమీ ఇవ్వవు. అంటే రెండోది మూడోదానికంటే ఎన్ని రెట్లో నువ్వే నిర్ణయించావన్నమాట. అదే పాయింట్ల పట్టిక అంటే. పేరు మార్చావంతే.

పిట్‌వాల్ పంతులు

ఒలింపిక్స్ పతకాల పట్టిక అలాగే చూస్తారు గురూ. ఎకల్‌స్టోన్ చెప్పిందీ అదే. సమానమైనప్పుడు ఏదో ఒక గీటురాయి ఉండాలి. ఇప్పటి అధికారిక నియమంలోనూ పాయింట్లు సమానమైతే ముందు గెలుపులు, తర్వాత రెండో స్థానాలే చూస్తారు.

లెక్కల మాష్టారు

పతకాల పద్ధతి అయితే మీ పట్టిక రెండుచోట్ల ఆగిపోతుంది. 2010లో వెటెల్ 5 గెలుపులు, 2 రెండో స్థానాలు, 3 మూడో స్థానాలు. అలోన్సో సరిగ్గా అంతే, 5–2–3. పతకాల్లో తేడాయే లేదు. పతకం రాని నాలుగో స్థానాలకు వెళ్తే వెటెల్‌కు మూడు (బహ్రెయిన్, కెనడా, ఇటలీ), అలోన్సోకు రెండు (ఆస్ట్రేలియా, చైనా).

1950 కూడా అంతే. ఫరీనా 3, ఫాంజియో 3, ఇద్దరికీ రెండో స్థానం లేదు, మూడోది లేదు. బెల్జియంలో ఫరీనాకు వచ్చిన ఒక్క నాలుగో స్థానమే తేడా. చరిత్రలో మొదటి ప్రపంచ చాంపియన్ నాలుగో స్థానంతో తేలాడు.

స్లిక్ టైర్

అద్భుతం మాష్టారూ. 2010 సంగతి నేనెక్కడా చదవలేదు.

సాగర్ ఒడ్డు

మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగింది కదా, ఆ సీజన్‌కూ ఇది వేసి చూడండి. చాంపియన్ జేక్ డెన్నిస్ గెలిచింది 2. క్యాసిడీ 4, ఎవాన్స్ 4. హుస్సేన్‌సాగర్ పక్కన పోల్‌లో (అందరికంటే ముందు) మొదలైన ఎవాన్స్‌ను సొంత జట్టు రెండో జాగ్వారే వచ్చి గుద్దింది.

పిట్‌వాల్ పంతులు

దానికి వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ, ఇక్కడ కలిపితే గందరగోళం.

కాకినాడ కెర్బ్

1982 గురించి ఎవరూ అడగలేదేం? ఆ ఏడాది రెండేసి గెలిచినవాళ్లు ఐదుగురు: పిరోనీ, వాట్సన్, ప్రోస్ట్, లౌడా, ఆర్నూ. పిరోనీ, వాట్సన్, ప్రోస్ట్ ముగ్గురికీ రెండో స్థానాలు రెండేసి. మూడో స్థానాలు పిరోనీకి రెండు, వాట్సన్‌కు ఒకటి, ప్రోస్ట్‌కు లేదు. అలా పిరోనీ. అతను హాకెన్‌హైమ్‌లో వానలో ప్రాక్టీసు చేస్తూ కాళ్లు నుజ్జయి, చివరి ఐదు రేసులకు లేనే లేడు.

ఆ రెండు గెలుపుల్లో ఒకటి ఇమోలా. పిట్ నుంచి 'స్లో' బోర్డు చూపిస్తే ఫెరారీలో అతని సహచరుడు విల్నవ్ అది స్థానాలు మార్చొద్దని అర్థం చేసుకుని నెమ్మదించాడు, పిరోనీ దాటేశాడు. పాయింట్లలో అది 9కి 6కి ఉన్న తేడా. మీ నియమంలో అదే మొత్తం టైటిల్. ఇమోలా తీసేస్తే పిరోనీకి ఒక్క గెలుపు మిగులుతుంది, చాంపియన్ వాట్సన్.

2008 ఇంకా ఘోరం. స్పాలో గీత ముందు దాటింది హామిల్టన్. స్టీవార్డులు (రేసు తీర్పరులు) 25 సెకన్లు కలిపి మూడో స్థానానికి దించి, మాసాకు గెలుపిచ్చారు. పాయింట్లలో హామిల్టన్‌కు 4 పోయాయి, మాసాకు 2 వచ్చాయి, అయినా బ్రెజిల్ దాకా పోటీ మిగిలింది. గెలుపుల్లో అదొక్కటీ తిరగేయండి: హామిల్టన్ 6, మాసా 5. అంటే టైటిల్ ఎవరిదో గదిలో కూర్చున్న స్టీవార్డులు రాసినట్టే.

లెక్కల మాష్టారు

2008 మూడు పట్టికల్లోనూ వేశాను. హామిల్టన్ 5 గెలుపులు, 2 రెండో, 3 మూడో, 3 ఐదో, 1 ఏడో, 1 పదో స్థానం. మాసా 6 గెలుపులు, 2 రెండో, 2 మూడో, ఐదు, ఆరు, ఏడు ఒక్కొక్కటి.

అప్పటి 10-8-6-5-4-3-2-1లో 98–97, హామిల్టన్.
2002 దాకా ఉన్న 10-6-4-3-2-1లో 80–83, మాసా.
2010 నుంచి ఉన్న 25-18-15-12-10-8-6-4-2-1లో 243–240, మళ్లీ హామిల్టన్.

గెలుపుకూ రెండో స్థానానికీ నిష్పత్తి 10:6 అయితే మాసా, 10:8 అయితే హామిల్టన్. 25:18 అంటే 10:7.2, మధ్యలో ఉంది.

పిట్‌వాల్ పంతులు

అదే నేను మొత్తుకునేది! పట్టిక మార్చితే చాంపియన్ మారుతున్నాడు. గెలుపుల లెక్కకు పట్టికే అక్కర్లేదు. 2025 చూడండి. అబూదాబీకి వెళ్లేసరికి నారిస్ 7, పియాస్ట్రీ 7, వెర్‌స్టాపెన్ 7. ముగ్గురిలో ఎవడు గెలిస్తే వాడిదే. అసలు జరిగిందేమిటి? నారిస్ మూడోవాడిగా వచ్చి 423–421తో చాంపియన్. ఆఖరి రేసులో మూడో స్థానం కాపాడుకుని కప్పు ఎత్తుకోవడం!

బీటీ49

మూడో స్థానం చాలు కాబట్టి మూడో స్థానానికి నడిపాడు. గెలవాలని రాసి ఉంటే గెలవడానికి నడిపేవాడు. నీ పట్టిక మొత్తానికి ఇదే జబ్బు. 1977లో లౌడా వాట్కిన్స్ గ్లెన్‌లో టైటిల్ ఖాయం చేసుకుని ఫెరారీ వదిలేసి చివరి రెండు రేసులకు రాలేదు. అప్పటికి ఆండ్రెట్టీ 4, లౌడా 3. నీ నియమం అప్పుడు ఉంటే వదిలేసి పోయేవాడా?

ఇంతకీ 1981 మాట దాటేశావు. ఆ టైటిల్ ఇద్దరికీ పంచి ఇస్తావా లేదా?

పిట్‌వాల్ పంతులు

పట్టిన కుందేటికి మూడే కాళ్లు అంటే ఇదే. పదిహేను ఏళ్ల లెక్క ఇస్తే ఒక్క ఏడాది పట్టుకుని వేలాడుతున్నావు. పోయిన డిసెంబరులో నేను ఇదే గెలుపుల లెక్క రాస్తే 'ఓడినవాళ్ల ఏడుపు' అని ఎగతాళి చేసిందీ నువ్వే.

బీటీ49

ఏడుపు కాబట్టి ఏడుపన్నాను. 2008 నుంచి మాసా, 2025 నుంచి వెర్‌స్టాపెన్. నీ అభిమానులకు టైటిల్ వచ్చే నియమం వెతుక్కుని దానికి 'చరిత్ర' అని బోర్డు తగిలించావు.

పిట్‌వాల్ పంతులు

నా పట్టికలో కొత్త టైటిళ్లు ఎక్కువ వచ్చింది ప్రోస్ట్‌కు, మొత్తం నాలుగు నుంచి ఐదుకు. 1981, 83, 84 వచ్చాయి, 86, 89 పోయాయి. నేను ప్రోస్ట్ అభిమానినని ఎవడైనా అన్నాడా? నువ్వు 1987కు కాపలా కాస్తున్నావు, అది ఒప్పుకో. ఆ ఏడాది పికే గెలిచింది 3, మాన్సెల్ గెలిచింది 6. రెట్టింపు! సుజుకా ప్రాక్టీసులో మాన్సెల్ వెన్ను దెబ్బతిని రెండు రేసులు పోయాయి కాబట్టి పికే బతికిపోయాడు.

స్లిక్ టైర్

ఇద్దరూ కాస్త మంచినీళ్లు తాగండి.

బీటీ49

అవును, 1987కు కాపలానే. ఆ ఏడాది పికేకు ఏడు రెండో స్థానాలు: బ్రెజిల్, మొనాకో, డెట్రాయిట్, ఫ్రాన్స్, బ్రిటన్, ఆస్ట్రియా, మెక్సికో. అప్పుడు టర్బో కారుకు రేసంతటికీ 195 లీటర్లు, మధ్యలో పోసుకోవడం లేదు. బూస్ట్ (టర్బో ఒత్తిడి) పెంచితే వేగం వస్తుంది, ఆఖరి ల్యాపుల్లో ట్యాంకు ఎండిపోతుంది. ఎక్కడ తగ్గించాలి, ఎవరిని వదిలెయ్యాలి అన్నదే అప్పటి పని. 1986 హాకెన్‌హైమ్‌లో ప్రోస్ట్ పెట్రోలు అయిపోతే దిగి కారును గీత వైపు నెట్టాడు, ఆరో స్థానం, ఒక పాయింటు. ఆ ఏడాది టైటిల్ 72–70. నీ లెక్కలో ఆ నెట్టుడుకు విలువ సున్నా. ఆరో స్థానం కోసం ఎవడు దిగుతాడు?

1958 కూడా తీసుకో. పోర్చుగల్‌లో హాథార్న్‌ను డిస్‌క్వాలిఫై చేస్తుంటే మోస్ స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పాడు. రెండో స్థానం, ఫాస్టెస్ట్ ల్యాప్ కలిపి 7 పాయింట్లు నిలిచాయి. అవి పోతే, అత్యుత్తమ ఆరు ఫలితాలే లెక్కపెట్టే అప్పటి పద్ధతిలో హాథార్న్ 42 నుంచి 39కి దిగేవాడు, మోస్ 41తో చాంపియన్. నాలుగు గెలిచిన మనిషే రెండో స్థానానికి అంత విలువిచ్చాడు. నువ్వు ఆయనకు కప్పు ఇచ్చి ఆ పనిని చెరిపేస్తున్నావు.

పిట్‌వాల్ పంతులు

సరే, అసలు మాటకొచ్చావు కాబట్టి నేనూ చెప్తాను. నాకు కోపం రెండో స్థానాల మీద కాదు. 1967లో క్లార్క్‌ది లోటస్ 49, కొత్త డీఎఫ్‌వీ ఇంజిన్, జాండ్‌వోర్ట్‌లో మొదటి రేసే గెలిచింది. మోంజాలో టైరు పోయి ఒక ల్యాపు వెనకబడి, మళ్లీ అందరినీ దాటి ముందుకొస్తే ఆఖరి ల్యాపులో పెట్రోలు అందక మూడోవాడయ్యాడు. కారు చేసిన తప్పుకు డ్రైవర్ దగ్గర పాయింట్లు కోస్తున్నారు. గెలుపులు లెక్కపెడితే కారు ఆగిపోయిన రోజులు లెక్కలోకి రావు. నడిచిన రోజు ఎవడు అందరికంటే వేగమో అదే మిగులుతుంది.

బీటీ49

కారు ఆగని డ్రైవర్ కూడా ఉంటాడు, అది వాడి చేతి పని. నీకు వేగం కావాలి, నాకు సీజన్ కావాలి. అది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు.

లెక్కల మాష్టారు

సీజన్ అంటున్నారు కాబట్టి ఒకటి. గెలుపుల నియమంలో సీజన్ ముందే చస్తుంది. 2004లో షూమాకర్ అసలు టైటిల్ ఖాయం చేసుకుంది 14వ రేసు బెల్జియంలో. మీ లెక్కలో 11వ రేసు సిల్వర్‌స్టోన్‌తోనే అయిపోతుంది: అతనికి 10, మిగిలినవి 7, ట్రుల్లీకి ఉన్నది 1.

అలాగే, అన్ని ఫలితాలూ కలిపితే (1990 దాకా కొన్నింటిని వదిలేసేవారు కదా) మారేవి రెండే. 1964 గ్రాహం హిల్, 41–40. 1988 ప్రోస్ట్, 105–94.

పిట్‌వాల్ పంతులు

1988 ఆ లెక్కలో మారుతుంది, నా లెక్కలో మారదు. సెన్నా 8, ప్రోస్ట్ 7.

వర్షం ఆగింది

పైన అంతా చదవలేదు, క్షమించాలి. ఈ లెక్కలో 2021 హామిల్టన్‌కు వస్తుందా?

పిట్‌వాల్ పంతులు

రాదు. వెర్‌స్టాపెన్ 10, హామిల్టన్ 8. అబూదాబీ ఆఖరి ల్యాపు తిరగేసి హామిల్టన్‌ను గెలిపించినా 9–9 అవుతుంది. అప్పుడు రెండో స్థానాలు వెర్‌స్టాపెన్‌కు 9, హామిల్టన్‌కు 7. అయినా వెర్‌స్టాపెన్‌కే.

బీటీ49

ఏ స్థానాలు లెక్కపెట్టావు ఇప్పుడు? మళ్లీ చెప్పు.