ఎండకు టైరులో పీడనం పెరిగింది, మరి బయటి గాలిలో ఎందుకు పెరగదు?

నమస్తే. మాది హనుమకొండ. పాప తొమ్మిదో తరగతి. మొన్న పొద్దున మెత్తగా ఉన్న సైకిల్ టైరు, మధ్యాహ్నం ఎండకు బొటనవేలితో నొక్కితే గట్టిగా తగిలింది. "డాడీ, ఎవ్వరూ గాలి కొట్టలేదు కదా, లోపల గాలి పెరిగిందా?" అన్నది.

అణువులు అన్నే ఉన్నాయమ్మా, వేడికి వాటి వేగం పెరిగి గోడలను ఎక్కువసార్లు, గట్టిగా గుద్దుతున్నాయి అని చెప్పాను. 27 డిగ్రీల నుంచి 45కి పోతే కెల్విన్‌లో (అంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే) 300 నుంచి 318. టైరు సాగకపోతే లోపలి మొత్తం పీడనం 6 శాతం పెరుగుతుంది. లెక్క కూడా చేసి చూపించాను.

"మరి వేడి గాలి తేలికై పైకి పోతదని చదివినం కదా, టైరులోది ఎందుకు తేలిక కాలేదు?" అన్నది. టైరులో జాగా పెరగదు కాబట్టి సాంద్రత మారదు. బయట గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి సాంద్రత తగ్గుతుంది. ఇంతవరకు నాకు తెలుసు. కానీ బయట కూడా అణువులు వేగంగానే గుద్దుతాయి కదా, అక్కడ పీడనం ఎందుకు దాదాపు అంతే ఉంటుంది? ఇక్కడే ఆగిపోయాను.

సూత్రం చెబితే బట్టీ పట్టేస్తుంది, అది నాకు ఇష్టం లేదు. ఇంట్లో సూది లేని సిరంజి, బెలూన్లు, గాజు సీసా ఉన్నాయి. వాటితో చేసి చూపించే పద్ధతి సైన్స్ టీచర్లు ఎవరైనా చెప్పగలరా? సోమవారమే పరీక్ష, పాప కంటే నాకే టెన్షన్‌గా ఉంది.