అమ్మతో నెల్లూరు పోయొచ్చాం, హోటల్లో అవస్థ పడ్డాం. డబ్బులు తిరిగి అడగొచ్చా?

చీమకుర్తి ఎలక్ట్రీషియన్:

మాది ఒంగోలు. చీమకుర్తిలో గ్రానైటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ని. ధనుర్మాసంలో ఒక్కసారన్నా తెల్లారుజామున నెల్లూరు రంగనాథస్వామిని చూడాలని మా అమ్మ ఎన్నేళ్లుగానో అంటా ఉంది. 1984లో, పెళ్లైన కొత్తలో నాన్నతో వచ్చిందంట. గుడి వెనక పెన్నలో మునిగి తడిబట్టలతోనే దర్శనానికి పోయారంట. నాన్న పోయి మూడేళ్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. సత్రం చాల్లేరా అన్నది, నేనే వినలేదు. ఈసారి మంచి మంచం మీద పడుకోబెట్టాలి, వేడినీళ్లు పొయ్యాలి అని నా పట్టుదల.

యాప్‌లో వెతికి బుక్ చేశా. లిఫ్టు ఉంది, 24 గంటలూ వేడినీళ్లు అని రాసుంది. అమ్మ, నేను, నా భార్య, పాప, నలుగురికీ ఒక రాత్రికి 2,400.

శనివారం పొద్దున పినాకిని రైలు ఎక్కి పదింటికల్లా నెల్లూరులో దిగాం. గది పన్నెండింటికి అన్నారు, సరే, అది రూలు. పన్నెండింటికి తాళం ఇచ్చి, మూడో అంతస్తు, లిఫ్టు రెండు రోజుల నుంచి పనిచెయ్యడం లేదు అన్నారు. కింద గది ఇవ్వండయ్యా, పెద్దామె ఎక్కలేదు అంటే ఖాళీ లేవన్నారు. అమ్మ ఒక్కో మెట్టుకీ ఆగి, రెయిలింగు పట్టుకుని ఎక్కింది. సాయంత్రం మైపాడు నుంచి తిరిగొచ్చేసరికి, మా ముందే ఇంకెవరికో మొదటి అంతస్తు తాళం ఇస్తా ఉన్నారు. అప్పుడు గట్టిగా అడిగా. అది ముందే బుక్ అయింది అన్నారు.

గదిలో కిటికీ పక్క గోడంతా చెమ్మ. కార్తీకం వానలకి దిగిన నీళ్లు ఇంకా ఆరలేదు, పెయింటు పొరలు పొరలుగా లేచి ఉంది. తలుపు తియ్యగానే వాసన. కానీ నా కన్ను పడింది బాత్రూములో. గోడకి గీజరు బిగించిన బోల్టులు ఉన్నాయి, గీజరు లేదు. వైరు కొసలకి టేపు చుట్టి వదిలేశారు. టెస్టరు పెడితే లైటు వెలిగింది, అంటే కరెంటు వస్తానే ఉంది. తడి చేత్తో పాప ముట్టుకుంటే ఏమయ్యేది? ఆ లైను బ్రేకరు వెతికి నేనే ఆపుకున్నా. కిందికి పోయి చెబితే "ఎవరూ ముట్టుకోరు లెండి" అన్నారు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తా ఉన్నా, ఆ మాట నాకింకా మింగుడు పడలా.

నలుగురికీ ఒక రగ్గు. రెండోది వంద రూపాయలు. దోమల మాట చెప్పక్కర్లేదు.

తెల్లారి నాలుగింటికి లేచి వేడినీళ్లకి కిందికి పోతే, పడుకున్న కుర్రోడు లేచి ఆరింటికి బాయిలర్ వేస్తాం అన్నాడు. ఆరింటికి లేస్తే తిరుప్పావై సేవ ఏమి చూస్తాం? రోడ్డు మీద టీకొట్టు తీసి ఉంది. ఆయన్ని అడిగితే ఒక్కమాట మాట్లాడకుండా పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, బకెట్టులో పోసి ఇచ్చాడు, డబ్బులు పుచ్చుకోలా. మూడు అంతస్తులు మోసుకుని పోయేసరికి అమ్మ చన్నీళ్లతో పోసుకుని చీర కట్టుకుని కూర్చుని ఉంది. "ఆలస్యమైతే తలుపులు తీసేస్తారేమోనని" అన్నది. అప్పటికే వణుకుతా ఉంది.

దర్శనం చాలా బాగా జరిగింది, దానికి కొరత లేదు. శేషుడే స్వామికి పడకయ్యాడు కాబట్టి ఈ చోటుని తల్పగిరి అన్నారని అమ్మ పాపకి చెబుతా కూర్చుంది. ఇంటికొచ్చాక పది రోజులు దగ్గు.

2,400 అంటే నాకు మూడు రోజుల కష్టం. వదిలెయ్యమంటది నా భార్య. అడగొచ్చా? అడిగితే ఎక్కడ అడగాలి? బిల్లు అంటే తెల్లకాగితం మీద రాసిచ్చారు.

మూలాపేట అక్క:

తమ్ముడూ, చదవతా ఉంటే మా ఊళ్లో మా ఇంటికొచ్చిన మనిషిని చలిలో నిలబెట్టినట్టు ఉండాది. అమ్మకి ఇప్పుడు ఎట్టుంది? మిరియాల పాలు పట్టించు, తగ్గకపోతే డాక్టరుకి చూపించు, ఆ వయసులో దగ్గు ముదరనియ్యొద్దు.

ఇంకోసారి వచ్చేటప్పుడు రైల్వేస్టేషన్ దగ్గర వెతకబాకు. గుడి ఉండే రంగనాయకులపేటకి దగ్గర్లో చూడు, నాలుగింటికి ఆటో కోసం ఎదురుచూసే పని ఉండదు. జొన్నవాడ కామాక్షమ్మని కూడా చూసిపోవాల్సింది, పెన్న అవతలి ఒడ్డునే. మలై కాజా తిన్నారా, లేదా?

హోటల్ రిసెప్షన్ పదేళ్లు:

నేను ఇంకో ఊళ్లో హోటల్లో పనిచేస్తా. లిఫ్టు పాడైన సంగతి బుక్ చేసినోళ్లకి ముందే ఫోన్ చేసి చెప్పాలి. పెద్దవాళ్లు ఉంటే కింది గది మార్చాలి. వైరు సంగతి వింటే నాకే భయమేసింది, ఆ గది అసలు ఇవ్వకూడదు.

వేడినీళ్ల కిటుకు చెబుతా. చాలా హోటళ్లలో నీళ్లు మేడ మీద సోలార్ నుంచి వస్తాయి. మబ్బు పట్టిన రోజు సరిగా కాగవు, రాత్రి తొమ్మిదింటి దాకా అందరూ వాడేస్తారు, తెల్లారేసరికి ట్యాంకులో మిగిలింది గోరువెచ్చన. 24 గంటలు అని రాసినా అంతే. అందుకని బుక్ చేసేముందు నేరుగా హోటలుకి ఫోన్ చేసి, "గదిలోనే గీజరు ఉందా, ఇప్పుడు పనిచేస్తా ఉందా" అని ఆ మాటే అడగాలి. లిఫ్టు గురించీ అంతే. యాప్‌లో రాసింది ఎప్పుడో పెట్టింది, ఎవరూ మార్చరు.

ఒంగోలు వినియోగదారు:

అడగొచ్చు, అడగాలి. యాప్‌లో ఆ హోటల్ పేజీని ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లిఫ్టు, వేడినీళ్లు అని రాసిన చోటు కనపడాలి, రేపు తీసేస్తారు. గోడ ఫొటో, వైరు ఫొటో ఉంటే కలపండి. ముందు యాప్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, ఫోన్లో మాట్లాడితే లెక్కలోకి రాదు. వాళ్లు కదలకపోతే 1915. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్లోనే కేసు వెయ్యొచ్చు. అంటే ఒంగోలులోనే, నెల్లూరు తిరగక్కర్లేదు. రెండేళ్ల లోపు వెయ్యాలి. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే చెప్పుకోవచ్చు. నా సలహా మాత్రం, 2,400కి అక్కడిదాకా పోయేముందు యాప్‌ని వదలకుండా రెండు మూడుసార్లు అడగండి, చాలావరకు అక్కడే తేలుతుంది.

పక్కా బిల్లు అడిగి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 లోపు గదులకి జీఎస్టీ 5 శాతమే. అంతకన్నా ఎక్కువ వేశారేమో చూసుకోండి.

చీమకుర్తి ఎలక్ట్రీషియన్:

అందరికీ దండం. అక్కా, అమ్మకి దగ్గు తగ్గింది. మలై కాజా అరకిలో తెచ్చాం, పాపే సగం తినేసింది.

యాప్‌లో రాసి పెట్టా, గోడ, వైరు ఫొటోలు కలిపా. నాలుగో రోజు 1,000 వెనక్కి ఇస్తాం అన్నారు. పూర్తిగా ఇవ్వాల్సిందే అని మళ్లీ రాశా. వైరు తీయించామని హోటలు వాళ్ల చేత రాతలో ఇప్పించమని కూడా అడిగా, దానికింకా జవాబు రాలా. అది వచ్చేదాకా ఫిర్యాదు మూయను, రేపు 1915కి చేస్తా.

పాపకి నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు చూడాలనుంది. మార్చి దాకా ఉంటాయంట కదా, ఫిబ్రవరిలో పోదామనుకుంటున్నాం. అమ్మా వస్తానంది. ఆ దారిలో దొరవారిసత్రం దగ్గర గానీ, సూళ్లూరుపేటలో గానీ కింది అంతస్తులో గది, అందులో గీజరు ఉన్న చోటు ఎవరికన్నా తెలిస్తే చెప్పండి. ఫోన్ చేసి నేనే కనుక్కుంటా.