తీరపు పార్కులో కూలిన రక్షణ గోడ: నిధులకు, ప్రణాళికకు ఎక్కడ మొదలుపెట్టాలి?

విశాఖ తీరంలో మేము రోజూ నడిచే ప్రజా పార్కు రక్షణ గోడ తుపాను అలలకు కొంత మేర కూలిపోయింది. సముద్రంలోకి దిగే మెట్లు పగిలి, మిగిలిన గోడ వెనుక మట్టి జారిపోవడంతో నడకబాట కుంగుతోంది. మా నడక మిత్రుల సంఘం తరఫున సంబంధిత కార్యాలయానికి వినతిపత్రం ఇవ్వగా, అంచనా వ్యయం లేకుండా నిధుల ఊసెత్తలేమన్నారు. అంచనా వేయించడానికేమో నిధులు లేవట.

విపత్తు సహాయ నిధి ప్రధానంగా తక్షణ మరమ్మతులకు గనుక, శాశ్వత నిర్మాణానికి జాతీయ విపత్తు ఉపశమన నిధిలో 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం నేల కోత నివారణకు సిఫారసు చేసిన రూ.1,500 కోట్ల వంటి పద్దు కింద నగర పార్కు పని ఇమడగలదా? 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టిన పునరుద్ధరణ పనుల్లో పాల్గొన్నవారెవరైనా ఉంటే, ప్రతిపాదన ఏ శాఖ ద్వారా పంపాలో దయచేసి చెప్పగలరు.

నాకు అంతకన్నా పెద్ద సందేహం గోడ గురించే. ఈ తీరం వెంబడి ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఓడరేవు అడ్డుకట్టలు దాన్ని ఆపేస్తాయి కాబట్టే పూడిక తీసిన ఇసుకను బీచ్‌కు పంపు చేస్తుంటారు. ఎదుట ఇసుక లేని చోట నిటారు గోడను మళ్లీ అలాగే కడితే, వెనక్కి మళ్లే అల పునాదినే తవ్వేయదా? వాలుగా బండరాళ్లు పేర్చి, అడుగున మట్టి కొట్టుకుపోకుండా ఆపే వడపోత వస్త్రం పరచడం మేలని నాకనిపిస్తోంది గానీ, దానికి తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల కింద అనుమతి కొత్తగా కావాలా, మరమ్మతు కిందే సరిపోతుందా? వచ్చే తుపానుల కాలంలోగా తాత్కాలికంగా ఏం చేయవచ్చో కూడా తీర ఇంజినీరింగ్ తెలిసినవారు సూచించగలరు.